వెనక పేజీ నక్షత్రం

ఆ వసంతంలో మా పేపరు పదకొండు రోజులు రాలేదు. అప్పటికి యుద్ధం మొదలై రెండో ఏడు నడుస్తోంది. కొండల అవతల ఫిరంగులు మోగుతూనే ఉన్నాయి, వాటికి అలవాటు పడిపోయాం. పేపరు రాకపోవడానికి మాత్రం మా వైపు ఎవరూ అలవాటు పడలేకపోయారు.

నేను పేపరు బండి తోలేవాణ్ణి. పసుప్పచ్చ వ్యాను. తెల్లారగట్ల ప్రెస్సు దగ్గర కట్టలు ఎక్కించుకుని, సముద్రం ఒడ్డు రోడ్డున పడవల రేవు దాకా వెళ్లి దీవుల కట్టలు దింపి, అక్కణ్ణించి కొండ మీది ఏడూళ్లకి ఎక్కేవాణ్ణి. పద్దెనిమిదేళ్లు అదే దారి. నాలుగో తరగతి దాటి చదవలేదు గానీ, ఆ దారిలో ఏ కిటికీ ఏ వేళకి తెరుచుకుంటుందో నాకు తెలుసు.

మావాళ్లు పేపరు వెనక నుంచి చదువుతారు. మొదటి పేజీలో మంత్రులుంటారు, వాళ్లెక్కడికీ పోరు. వెనక పేజీలో పోయినవాళ్లుంటారు. చిన్న చిన్న గళ్లు. గడికో పేరు, ఊరు, ఎన్నింటికి పూడుస్తారో ఆ వేళ, కింద ఏడ్చేవాళ్ల పేర్లు వరసగా. గడి నెత్తిన ఒక గుర్తు. చర్చికి పోయేవాళ్లకి శిలువ. పాత యుద్ధంలో ఎర్రజెండా కింద కొండలెక్కి తుపాకీ పట్టినవాళ్లకి నక్షత్రం. ఏదీ వద్దనుకున్నవాళ్లకి ఆకు. మా ఊళ్లల్లో ఒకే పేరు ముగ్గురికీ నలుగురికీ ఉంటుంది. అందుకని ముందు గుర్తు చూస్తారు, తర్వాత పేరు పక్కన మారుపేరు చూస్తారు, అప్పుడు గానీ "అయ్యో" అనరు.

ఆ వెనక పేజీని ముప్ఫయ్యేళ్లు పేర్చింది మా మామ యెర్కో, మా ఆవిడ దింకా నాన్న. సీసపు అక్షరాలు పేర్చే చెయ్యి కాబట్టి ఊరంతా సీసం యెర్కో అనేది. పంతొమ్మిదేళ్ల వయసులో, ఇటాలియన్లు పోయి జర్మన్లు దిగుతున్న రోజుల్లో, కొండ మీద గొర్రెల దొడ్లో ఈ పేపరు మొదటి కాయితం పేర్చిన నలుగురిలో ఆయనొకడు. అక్షరాలు పిండి సంచుల్లో గాడిద మీద పోయాయట. ఆ నలుగురిలో ఇంకా మిగిలింది ఇద్దరే. ఈయనా, ముక్కు పావే. అసలు పేరు పావే బరాడిచ్. ఆ ముక్కు చూశాక ఇంకో పేరు పెట్టబుద్ధి కాదు.

కంప్యూటర్లు వచ్చినప్పుడు సీసమంతా కరగబోశారు. మామ మూడు ముక్కలు జేబులో వేసుకొచ్చి పొగాకు డబ్బాలో పెట్టుకున్నాడు. శిలువ, నక్షత్రం, ఆకు. నీ నక్షత్రం ఒక్కటీ తెచ్చుకుంటే సరిపోయేదిగా అంటే, "ముప్ఫయ్యేళ్లు ఒకే గూట్లో ఉన్నాయిరా, విడదీస్తే బెంగెట్టుకుంటాయి" అన్నాడు.

ఆ మార్చిలో రాజధాని నుంచి కొత్త యజమానులు కాయితాలు పట్టుకుని దిగారు. పేపరు ఇక వాళ్లదట. మా పేపరుకి పెద్దవాళ్లని గిల్లే అలవాటుండేది, యుద్ధం వచ్చినా మానలేదు. ఆ గిల్లుడుకే ఈ మందని అందరికీ తెలుసు. రాసేవాళ్లు రాయడం మానేశారు, మెషిన్ల వాళ్లు మెషిన్లు ఆపారు, డ్రైవర్లం బండి తాళాలు బల్ల మీద పెట్టేసి వచ్చాం.

ఇంటికొచ్చి చెబితే మామ చెంచా కింద పెట్టాడు.

"ఆపేశారా?"

"ఆపేశాం మామా."

"జర్మన్లు కింది నుంచి కాలుస్తుంటే ఆగలేదురా అది. నడుం లోతు మంచులో ఆగలేదు. సిరా అయిపోతే పొయ్యి మసి తీసి నూనెలో కలిపాం. నువ్వు తాళం బల్ల మీద పెట్టొచ్చానని నాకు చెబుతున్నావా?"

దింకా సూపు పోస్తూ నన్ను వెనకేసుకొచ్చింది. "ఆయనొక్కడే కాదుగా నాన్నా. అందరూ పెట్టారు."

"ఆ అందరూ అనేవాణ్ణి ఇంతవరకూ నేనెక్కడా చూళ్లేదే అమ్మా. ఒకసారి భోజనానికి పిలు, చూస్తాను."

సరిగ్గా అప్పుడే యూగో పట్టుకుంది. దక్షిణం నుంచి సముద్రం మీదుగా వచ్చే తడిగాలి అది. పట్టిందంటే గోడలు చెమరుస్తాయి, ఉప్పు ముద్దయిపోతుంది, మొగుడూ పెళ్లాలు గిన్నెలు గట్టిగా పెడతారు. నాకు మూడున్నరకే మెలకువ వచ్చేసేది. లేచి చొక్కా తొడుక్కున్నాక గుర్తొచ్చేది, తోలడానికి బండి లేదని. రేవు దాకా నడిచేవాణ్ణి, వెనక్కి వచ్చేవాణ్ణి, బాగున్న కుళాయి విప్పి మళ్లీ బిగించేవాణ్ణి. "ఆ కుళాయి నీకేం అపకారం చేసింది?" అని దింకా అరిచేది.

మామ సంగతి ఇంకా ఘోరం. రోజూ ఏడింటికల్లా మా వీధి చివర మాండే బడ్డీ దగ్గరికి పోయి నిలబడేవాడు. పేపర్లూ సిగరెట్లూ అమ్మే బడ్డీ అది. ముసలాళ్లంతా అక్కడే చేరి ఖాళీ బల్ల వంక చూసేవారు.

"ఎవరు పోయారో తెలీకుండా ఎట్లా బతుకుతాం మాండే?" అనేవాడు మామ.

"మీరింకా నిలబడే ఉన్నారుగా, అది చాలదా?" అనేదామె. "కొనేది లేకపోతే కాస్త పక్కకి నిలబడండి. బేరాలు పోతున్నాయి."

పన్నెండో రోజున పేపరు వచ్చింది. అదే పేరు, అవే అక్షరాలు, లోపల చేతులే వేరు. కొత్తవాళ్లు బయటి నుంచి మనుషుల్ని తెచ్చి వేయించారు, డ్రైవర్లతో సహా. పని మానినవాళ్లం మానినట్టే ఉన్నాం. ఇక మామ దాని మీద పడి చదువుతాడనుకున్నాను. ఆయన బడ్డీ ముందు చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు దాన్నే చూశాడు.

"ముట్టుకోను," అన్నాడు. కొంచెం ఆగి, "అల్లుడూ, కొనకు. ఇక్కడే నిలబడి వెనక పేజీ ఒక్కటి చూసి చెప్పు" అన్నాడు.

అట్లా రోజూ మాండే దగ్గర పేపరు తిరగేసి చూసి, ఇంటికొచ్చి చెప్పడం నా పనైంది. మాండే కూడా, "చూడు నాయనా చూడు, చచ్చినవాళ్లని చూస్తే డబ్బులడగను" అనేది.

మంగళవారం నాడు ఆ పేజీలో ఒక గడి కనిపించింది. పావే బరాడిచ్, డెబ్బై ఒకటో ఏట. ఇవాళే, మూడింటికి. ఫోటో లేదు. మారుపేరు లేదు. ఏడ్చేవాళ్ల పేర్లూ లేవు, 'కుటుంబం' అని ఒక్క మాటే. నెత్తిన శిలువ.

ఇంటికి పోయేసరికి మామ చేపలు శుభ్రం చేస్తున్నాడు.

"ఎవరున్నారు?"

"మనవాళ్లెవరూ లేరు మామా. పావే బరాడిచ్ అని ఒకడున్నాడు గానీ శిలువ ఉంది. గంటల పావే అయుంటాడు."

కొండ మీది వాళ్ల ఊళ్లో పావే బరాడిచ్‌లు ముగ్గురు. గంటల పావే అంటే చర్చి గంట కొట్టేవాడు.

"గంటల పావేనా? పాపం," అన్నాడు మామ. "మంచోడే. వాడి వైను మాత్రం నోట్లో పెట్టలేం." మళ్లీ చేపల మీదికి వంగాడు. ఆ మధ్యాహ్నం నాలుగు చేపలు తిని, రొట్టెతో పళ్లెం తుడిచి, నిద్రపోయాడు.

శుక్రవారం రేవు దగ్గర గంటల పావే సైకిలు తోసుకుంటూ నాకెదురొచ్చాడు.

నేను నడుస్తున్నవాణ్ణి నడుస్తున్నట్టే ఆగిపోయాను.

"నన్ను చూసి ఇట్లా ఆగిపోయినవాళ్లల్లో నువ్వు తొమ్మిదోవాడివి టోంచీ," అన్నాడు గంటల పావే. "మా మేనత్త కూతురైతే పూలచక్రం పట్టుకుని ఏడుస్తూ వచ్చేసింది. తలుపు నేనే తీశాను. ఆ చక్రంతోనే కొట్టింది నన్ను."

"మరి పోయిందెవరు?"

"ముక్కు. మంగళవారం పూడ్చాం. నేనే గంట కొట్టాను. చర్చి గడప తొక్కని వాడికి గంటేంటి అని నాకే చెయ్యాడలేదు. ఫాదరు కొట్టమన్నాడు, పేపర్లో శిలువ ఉందిగా అని." నా మొహం చూసి గొంతు తగ్గించాడు. "అవునూ, యెర్కో రాలేదేం? ఒంట్లో బాలేదా?"

ఇంటికెట్లా నడిచానో నాకు గుర్తులేదు. గాలి వెనక నుంచి తోస్తూనే ఉంది. చెప్పాను. మామ లేచి టోపీ పెట్టుకున్నాడు. నా పాత కారులో ఇద్దరం కొండెక్కాం.

ముక్కు పావే భార్య పెరీనా గుమ్మంలో కూర్చుని ఆకుకూర కోస్తోంది. మామని చూసి కత్తి ఒళ్లో పెట్టుకుంది.

"నాకు తెలీలేదు పెరీనా."

"అట్లానే అయుంటుందనుకున్నా. పేపరాఫీసుకి కోడలు ఫోన్లో చెప్పింది. అవతలివాడెవడో మన వైపు వాడు కాదు. 'ముక్కు' అని రాయమంటే, ముక్కులూ చెవులూ పేపర్లో వెయ్యం అన్నాడట. గుర్తేం కావాలని అడగనే లేదట."

"ఎంతమంది వచ్చారు?"

"ఇంట్లోవాళ్లం కాక ముగ్గురు. కొడుకు యుద్ధంలో ఉన్నాడు, సెలవివ్వలేదు. పెట్టె ఎత్తడానికి ఒక భుజం తక్కువైతే ఫాదరే పుస్తకం పక్కన పెట్టి పట్టాడు." ఆమె కొంచెం నవ్వింది. "పోనీలే, మంచి పిల్లాడు. మా ఆయన చూసుంటే మాత్రం పెట్టె దిగి తనే నడిచిపోయేవాడు."

మామ నవ్వబోయాడు, అది దగ్గయింది. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు.

దిగేటప్పుడు సగం దారిలో నేనే నోరు తెరిచాను. "తప్పు నాది మామా."

"నక్షత్రం ఉంటే చెప్పేవాడివేగా?"

"చెప్పేవాణ్ణి."

"ఇంకేం. గుర్తు చూసి ఏడవమని ఊరందరికీ నేర్పిందే నేను." కిటికీ అద్దం మీద ఆవిరి పట్టింది. దాన్ని చేత్తో తుడిచి సముద్రం వైపు చూస్తూ ఉండిపోయాడు. "నలభై తొమ్మిదేళ్ల స్నేహం మా ఇద్దరిదీ. నాలుగు చేపలు తిన్నాన్రా నేను ఆ పూట."

ఆ మాట నన్ను చాలాకాలం నిద్రపోనివ్వలేదు.

ఆ ఆదివారం భోజనాల దగ్గర ఎవరూ అడక్కుండానే చెప్పాడు. "నేను పోయినప్పుడు పేపర్లో నక్షత్రం వెయ్యాలి. పేరు పక్కన సీసం అని ఉండాలి. వేళ సరిగ్గా ఉండాలి. నావాళ్లకి నేనే పోయానని తెలియాలి. అంతే."

దింకా రొట్టె కోయడం ఆపింది. వాళ్లమ్మ చర్చి మనిషి. దింకా కూడా మెళ్లో చిన్న శిలువ చొక్కా లోపలికి వేసుకుంటుంది, నాన్నకి కనపడకుండా. ఆయనకి తెలుసు, చూడనట్టు ఉంటాడు.

"అమ్మ సమాధి రాయి మీద శిలువ ఉంది నాన్నా. ఒకే గోతిలో పడుకుంటారు. ఒకళ్లకది ఒకళ్లకిదీనా? ఫాదరు ఏమంటాడు?"

"రాయి మీద నీకిష్టమొచ్చింది చెక్కించుకో. రాయి ఊళ్లు తిరగదు. పేపరు తిరుగుతుంది."

"ఇప్పుడెందుకా మాటలు?"

"ఇప్పుడు కాకపోతే చచ్చాక చెబుతానటే?"

ఆమె లేచి వంటింట్లోకి పోయింది. గిన్నెలు గట్టిగా పెట్టింది.

ఏప్రిల్ చివరికి మా సమ్మె పాత సబ్బులా అరిగిపోయింది. సగంమంది వెళ్లిపోయారు, సగంమందిమి తల వంచుకుని లోపలికి పోయాం. నాకు మళ్లీ పసుప్పచ్చ వ్యాను ఇచ్చారు. మామ నన్ను తప్పుపట్టలేదు గానీ, ఇంటికి తెచ్చిన పేపరు మాత్రం విప్పలేదు. కిటికీ పక్కన కూర్చుని రోజంతా దగ్గేవాడు. గాలి మారింది, ఆయన మారలేదు. చెర్రీలు ఎర్రబడే వేళకి మంచం పట్టాడు. జూన్ మొదటి వారంలో ఒక పొద్దున దింకా కాఫీ పట్టుకుని వెళ్లేసరికి పోయి ఉన్నాడు.

ఆ రోజే పేపరాఫీసు కిటికీ దగ్గరికి ఇద్దరం వెళ్లాం. చావు ప్రకటనలు తీసుకునే నెవెంకా పాత మనిషి. మామ ఆమె బల్ల పక్కనే ముప్ఫయ్యేళ్లు కాఫీ తాగాడు. మమ్మల్ని చూసి కళ్లు తుడుచుకుని కలం తీసింది. దింకా ఒక్కో మాటా చెప్పింది, ఆమె రాసుకుంది.

"సీసం అని కూడా రాయి," అన్నాను.

"రాస్తాను. ఎవరూ చూడకపోతే అచ్చుకి పోతుంది."

"నక్షత్రం."

నెవెంకా కలం ఆగింది. గది అవతల కొత్త మేనేజరు తలుపు తెరిచే ఉంది. గొంతు తగ్గించింది. "నక్షత్రం లేదు టోంచీ. ఎర్రవాళ్ల గుర్తు ఇక వెయ్యొద్దన్నారు కొత్తవాళ్లు. కంప్యూటర్లోంచే తీసేశారు. శిలువ ఉంది, ఆకు ఉంది."

నేను దింకా వైపు చూడలేకపోయాను. వసంతమంతా ఆమె అడిగింది శిలువేగా. ఇప్పుడు అడ్డుచెప్పేవాడు లేడు. ఒక్క మాట అంటే అయిపోతుంది. ఏడూళ్లవాళ్లూ ఆ శిలువ చూసి, ఎవరో యెర్కోలే అనుకుని, చేపలు తిని పడుకుంటారు.

దింకా చెయ్యి మెడ దగ్గరికి వెళ్లింది. అక్కడే ఉంది కాసేపు.

"గుర్తుకి ఎంత చోటు పడుతుంది నెవెంకా?"

నెవెంకా బొటనవేలి గోరు చూపించింది. "ఇంత."

"అంత చోటు ఖాళీ వదిలెయ్యి."

"ఖాళీగా వేస్తే పొరపాటు జరిగిందనుకుంటారమ్మా."

"అనుకోనీ."

నెవెంకా తలుపు వైపు ఒకసారి చూసింది. తర్వాత కాయితం మీద ఏదో చిన్నగా రాసి మడిచింది.

మర్నాడు నేను బయల్దేరేసరికి దింకా నల్లబట్టల్లో గుమ్మం దగ్గర నిలబడి ఉంది. చేతిలో పొగాకు డబ్బా.

"నువ్వెక్కడికి?"

"బండి తలుపు తియ్యి."

ప్రెస్సు దగ్గర ఆమె దిగలేదు. మెషిన్ దగ్గర పనిచేసే పాత దోస్తుని కాస్త సిరా అడిగాను. ఎందుకని అడగలేదు వాడు, బూటు పాలిష్ మూతలో నిండా పోసిచ్చాడు. దీవుల కట్టలకి వేళ లేదు, పడవ కూత వేస్తోంది. అవి అట్లాగే పోయాయి. కొండ దారి మొదటి మలుపులో బండి ఆపి వెనక తలుపులు తెరిచాను. ఏడూళ్లవీ కలిపి మూడు వందల చిల్లర పేపర్లు. అప్పుడప్పుడే సముద్రం తెల్లబడుతోంది.

వెనక పేజీ విప్పాం. యెర్కో వులెటిన్, పక్కన 'సీసం', సాయంత్రం నాలుగింటికి. నెత్తిన గోరంత తెల్లటి చోటు.

దింకా డబ్బా తీసింది. మూడు ముక్కలూ అరచేతిలో పోసుకుని, శిలువనీ ఆకునీ మళ్లీ డబ్బాలో పెట్టింది. రొట్టె పిండి కలపబోయేదానిలా చేతులు పైకి మడుచుకుంది. నక్షత్రాన్ని సిరాలో ముంచి ఆ చోట్లో నొక్కింది.

"వంకరగా పడింది," అంది.

"ఆయనా అంతేగా."

ఏడుపో నవ్వో తెలీని చప్పుడొకటి చేసి, "తర్వాతది ఇవ్వు" అంది.

నేను విప్పేవాణ్ణి, ఆమె నొక్కేది, నేను మడిచేవాణ్ణి. ఊరికీ ఊరికీ మధ్య కూడా వెనకాల కూర్చుని నొక్కుతూనే ఉంది. నేను మలుపుల్లో మెల్లగా తోలాను. ఆ రోజు ప్రతి ఊళ్లోనూ ఆలస్యంగా చేరాం. కిటికీల్లోంచి తిట్టబోయినవాళ్లు దింకా నల్లబట్టలు చూసి ఊరుకున్నారు.

తిరిగొచ్చేసరికి మాండేకిచ్చే కట్ట ఒక్కటే మిగిలింది. మాండే పేపరు తిప్పి, కళ్లద్దాలు పెట్టుకుని, ఆ గడిని కళ్లకి దగ్గరగా లాక్కుంది. వేలితో తాకింది. వేలు నల్లబడింది.

"మన యెర్కోయేనా?"

"మనవాడే."

"ఎన్నింటికి?"

"రాసుందిగా," అన్నాను.

"కళ్లు కనపడటం లేదు. నోటితో చెప్పు."

"నాలుగింటికి పిన్నీ," అంది దింకా.

శ్మశానానికి నిట్టనిలువు దారి, బాగా ఎండ. మూడున్నరకే ఆ దారి నిండిపోయింది. ఏడూళ్లవాళ్లూ వచ్చారు. పేపరాఫీసులోంచి వెళ్లిపోయినవాళ్లొచ్చారు, ఉండిపోయినవాళ్లొచ్చారు, ఒకళ్లనొకళ్లు చూసుకోకుండా నిలబడ్డారు. గంటల పావే సైకిలు గోడకి ఆన్చి వచ్చాడు. గేటు బయట ఫాదరు నిలబడ్డాడు. ప్రార్థన వద్దని దింకా చెప్పింది కాబోలు. లోపలికి రాలేదు, వెళ్లిపోనూ లేదు.

పెట్టె ఎత్తేటప్పుడు మగవాళ్లంతా కోట్లు విప్పారు. అప్పుడు చూశాను. పొద్దున వెనక పేజీ చింపి జేబులో పెట్టుకున్నట్టున్నారు. సిరా ఆరలేదు. తెల్లచొక్కాల మీద, ఎడమ జేబు దగ్గర, ఒక్కొక్కరికీ నల్లటి మరక. కొన్ని ముద్దలు. కొన్నిటికి అయిదు కొనలూ తెలుస్తున్నాయి. గంటల పావేకి కూడా.

"ఏం సిరా పూశార్రా," అని మాండే వెనక నుంచి గొణిగింది. "ఇది ఉతకడం మా వల్ల కాదు."

పెరీనా నా పక్కకి వచ్చి నిలబడింది. "ఈసారి భుజాలు ఎక్కువైనట్టున్నాయే," అంది.

సోమవారం పొద్దున మేనేజరు పిలిచి నన్నేమీ తిట్టలేదు. తాళం అడిగాడంతే. బల్ల మీద పెట్టి ఇంటికి నడిచాను.

పెరట్లో దింకా నా చొక్కా ఉతుకుతోంది. జేబు దగ్గర రాయేసి రుద్దుతోంది. పొగాకు డబ్బా కిటికీలో ఉంది, మూడూ లోపలే ఉన్నాయి.

"పోవడం లేదిది," అంది తల ఎత్తకుండా.

"రుద్దకు."

ఆమె నా ఖాళీ చేతుల వంక చూసింది. చొక్కాని పిండి, దులిపి, వీధి వైపు తీగ మీద, జేబు బయటికి కనపడేట్టు ఆరేసింది.